రెండు బొట్టుబిళ్ళలు

పొద్దున్నే పొయ్యి తుడుస్తుంటే, దాని మీద అంటించిన నా బొట్టుబిళ్ళలు రెండూ కనబడలేదు.

“నేనే పీకీసినాను,” అన్నాడు త్రినాథ్ బావ. “సాయంత్రం మా ఆఫీసోళ్ళొస్తన్నారు. కొత్త పొయ్యికి ఆ బొట్లేటే? సూసినోళ్ళు నవ్వరా?”

మా అత్త తవిటమ్మకు చూపు పోయి మూడేళ్ళయింది. గ్యాస్ పొయ్యి ఉన్నప్పుడు మీట తడుముకుని టీ పెట్టుకునేది. బావ ఈ కరెంటు పొయ్యి తెచ్చాక పైనంతా నున్నటి గాజే, వేలికి ఏదీ తగలదు. అందుకే రాళ్ళున్న బిళ్ళలు రెండు అంటించాను, ఒకటి వెలిగించడానికి, ఒకటి ఆర్పడానికి. “నా టీ నానే ఎట్టుకుంతన్నానే,” అని పక్కింటి జగ్గమ్మకు ఎన్నిసార్లు చెప్పుకుందో.

ఇప్పుడు మాత్రం, “పోనీ ఒగ్గీయే యమునా. నీకు కాళీ అయినప్పుడే ఓ గుక్క పొయ్యి,” అంది.

ఎవరూ నొచ్చుకోకుండా అడగడం నాకూ వచ్చు. ఒంట్లో జ్వరం కాస్తున్నా, “హోటల్ భోజనం తిని చాన్నాళ్ళయింది కదా బావా,” అంటాను. పెళ్ళయిన ఈ పదకొండేళ్ళుగా నా అవసరాలన్నీ ఆయన సరదాలుగా మార్చి చెబుతున్నాను. నాకేం కావాలో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పింది లేదు కదా.

ఇంట్లో కూర్చుని నేను చేసే ఉద్యోగమూ ఇలాంటిదే. వంటింటి సామాను ఎలా తయారుచేయాలో కంపెనీలకు ప్రమాణాలు నిర్ణయించే కమిటీకి ముసాయిదాలు రాస్తాను. ‘చూపు లేనివారు వేలితో గుర్తుపట్టేలా మీటలు తప్పనిసరిగా ఉండాలి’ అని రాస్తే ఛైర్మన్ ఫోన్ చేశారు. “అలా అంటే కంపెనీలు బెదిరిపోతాయి మేడమ్. జనం కూడా ఇది మనకి కాదనుకుంటారు. ‘అందరికీ అనువుగా ఉంటే మంచిది’ అనండి.” ఆయన మాటలో నిజం లేకపోలేదు. మార్చాను. “ఎంత చక్కగా రాశారండీ!” అన్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మెప్పుకి రోజంతా పొంగిపోయాను. ఇంకెవరు మెచ్చుకుంటారు నన్ను?

ఆ ముసాయిదా ఈ రోజు ఐదింటికల్లా పంపాలి. నాలుగింటికి మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. అత్త పొయ్యి ముందు నిలబడి ఉంది. వేళ్ళు గాజంతా తిరిగాయి, మళ్ళీ మొదటికొచ్చాయి. కాసేపటికి చెయ్యి కొంగులో దాచుకుంది. నన్ను పిలవలేదు. నాకు ఏడుపొచ్చింది. ఉంటే మంచిదని ఎంత చక్కగా రాశాను!

వెనక్కి వచ్చి వాక్యం తిరగరాశాను. ‘అందరికీ అనువుగా’ అన్నది ఉంచాను, అది మంచి మాటే. దాని పక్కనే ‘చూపు లేనివారు’, ‘తప్పనిసరిగా’ తిరిగి చేర్చి పంపేశాను. అద్దం మీదున్న రాళ్ళ బొట్టుబిళ్ళలు రెండు తీసి పొయ్యి మీద మునుపటి చోటే అంటించాను.

“యమునా, ఆళ్ళొచ్చీసినారు. టీ!” ముందుగదిలోంచి బావ కేక.

“నాకు అలుపుగా ఉన్నాది బావా,” అన్నాను, వచ్చినవాళ్ళకీ వినబడేలా. “టీ నువ్వే పెట్టాలి. ఏ బిళ్ళ నొక్కాలో తెలీకపోతే అత్తనడుగు.”