పట్టని వైపు

"ఏమ్మా జిగురమ్మా, అంతంత టెలిస్కోపు అద్దాలు అంటిస్తావు, ఇంట్లో కప్పు పిడి అంటించడానికి తీరిక లేదా?" అంది అత్తగారు, ఊడిన పిడిని స్టవ్ పక్కన పెడుతూ. పేపర్లోంచి తలెత్తకుండానే నవ్వాడు భర్త. అంటించడం కాదత్తయ్యా, ఊడబీకడం నా పని అని ఎప్పటిలా అనబోయిన కోడలు, ఆగి, సంచి భుజాన వేసుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక పనిలోకి వెళ్లడం ఇవాళే.

ల్యాబులో అసలు టెలిస్కోపు అద్దాన్ని ఎవరూ లాగి చూడరు. దాని వెనక, దాన్ని పట్టి నిలిపే లోహపు బిళ్లలు అంటించిన రోజే, అదే జిగురుతో ఒక గాజుముక్కకీ బిళ్ల అంటించి ఉంచుతారు. దాన్ని వేడిలో, చలిలో నానా బాధలూ పెట్టి, ఊడేదాకా యంత్రంతో లాగాలి. ఎంత బలానికి ఊడిందో యంత్రమే చెబుతుంది. ఎలా ఊడిందో ఆమె చూడాలి. జిగురు మధ్యలో చిరిగి రెండు వైపులా మిగిలితే, ప్రాణం ఉన్నంతవరకూ పట్టుకున్నట్టు. ఒక వైపు నున్నగా వచ్చేసిందంటే అక్కడ అసలు పట్టనేలేదు.

ఇవాళ్టిది యంత్రం మొదలెట్టగానే టక్కుమంది. జిగురంతా గాజు మీదే ఉంది. బిళ్ల ఒక్క మరకైనా లేకుండా తళతళలాడుతోంది.

"ఇన్నాళ్లూ కదల్లేదే!" అన్నాడు పక్కబల్ల పెద్దాయన.

"ఎవరూ లాగలేదు కదా, బాబాయ్."

"మీద ఇంకో పూత పూస్తే?"

"పట్టని వైపు ఎంత పూస్తే ఏం లాభం?" అంది. ఆ బిళ్లని వెలుతురుకి తిప్పి చూస్తూ, చాలాసేపు కింద పెట్టలేకపోయింది.

ఐదో నెలలో కడుపులో బిడ్డ పోయినప్పుడు ఆసుపత్రి మంచం పక్కన నిలబడి భర్త గడియారం చూసుకున్నాడు. "ఏడిస్తే తిరిగొస్తుందా? డాక్టరమ్మ రెస్టు అంటోంది, వంటంతా అమ్మ మీద పడుతుందే!" ఇంటికొచ్చి బీరువా తీస్తే, తను అల్లిన చిన్న టోపీ లేదు. ఏదని అడిగితే, "పాతబట్టల్లో ఇచ్చేశాం. కనబడితే నీకే బాధ" అన్నాడు, మెత్తగానే. ఆ రాత్రి కూడా తలగడ మీద తల పెట్టగానే నిద్రపోయాడు. ఆమె ఖాళీ అరలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది.

ఇవాళ సాయంత్రం ఇంటికొచ్చేసరికి, ఊడిన కప్పు పిడి పొద్దున్న పెట్టినచోటే ఉంది. ఆమె బట్టలు సర్దుకుని, అక్క ఇంటికి వెళ్తున్నానంది.

"ఎన్నాళ్లకి?" అన్నాడు భర్త. ఆమె చెప్పులేసుకుంటుంటే లేచి వచ్చాడు. "ఇప్పుడేమైందని? కొట్టానా, తిట్టానా? నా వైపు ఒక్క మరకుంటే చూపించు!"

ఆమె ఆ ముఖంలోకి, బిళ్లని వెలుతురుకి తిప్పి చూసినంత శ్రద్ధగా చూసింది.

"ఒక్కటీ లేదండీ" అంది.