బ్రేకు మీద రబ్బరు

"బ్రేకు పెడల్ మీద రబ్బరు అరిగిపోయిందండీ. గీతలన్నీ పోయి నున్నగా అయింది. వానలో కాలు జారుతోంది," అని ఆమె మళ్ళీ చెప్పినప్పుడు, భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు.

"జారేది రబ్బరు కాదు, నీ ధ్యాస."

ఆ ఇంట్లో కారు అతనిది, చాకిరీ ఆమెది. పొద్దున్నే కూతుర్ని బడి దగ్గర, అతన్ని ఆఫీసు దగ్గర దించి, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇవన్నీ అయ్యాక తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి ఆలస్యంగా చేరి, యజమాని చేత మాటలు పడాలి. అత్తగారు కారెక్కిన ప్రతిసారీ, "చూసి నడుపమ్మా, మావాడి కారు," అనేది. పోనీ తనే మార్పిద్దామని మెకానిక్ దగ్గరికెళ్తే, "సార్‌ని ఒక మాట అడగండి మేడమ్," అని పంపేశాడు. తన కాలు ఆనే ఆ కాస్త చోటుకీ సారు అనుమతే కావాలి.

ఒక వాన రోజు ఆసుపత్రి గేటు దగ్గర తడి చెప్పు బ్రేకు మీంచి జారింది. కారు వెళ్ళి గోడని గుద్దింది. అత్తగారి నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. స్టీరింగు పట్టుకున్న ఆమె మణికట్టు వాచింది. దాన్నెవరూ చూడలేదు. ఆ చేత్తోనే సాయంత్రం పరామర్శకొచ్చిన వాళ్ళందరికీ టీ కాచింది.

"నీకు నడపడం రాదు. ఇక తాళాలు ముట్టుకోకు. అమ్మకి క్షమాపణ చెప్పు," అన్నాడు భర్త, ఆడపడుచూ ఇరుగుపొరుగూ చూస్తుండగా.

ఆమె అత్తగారి వైపు చూసింది. రబ్బరు సంగతి చెప్పిన ప్రతిసారీ ఆవిడ అక్కడే కూర్చుని వింది కదా! ఒక్క మాట అంటే చాలు. ఆవిడ కట్టు సర్దుకుని కళ్ళు మూసుకుంది.

"తప్పయిపోయింది, అత్తయ్యా."

కూతురు గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది.

కారు బాగయి వచ్చాక అతనే నడిపాడు. వారం తిరక్కుండానే చేతిలో పొట్లంతో ఇంటికొచ్చాడు. "దరిద్రపు పెడలు! ఇవాళ నా బూటు జారింది. ప్రాణం పోయేదే!" పొట్లంలో కొత్త రబ్బరు. "వంగితే నాకు నడుము పట్టేస్తుంది. నువ్వే వేసెయ్."

ఆమె స్టీరింగు కిందకి తల దూర్చింది. పాత రబ్బరు అంచు పట్టి లాగితే ఎండిన తొక్కలా ఊడొచ్చింది. కొత్తదాని అంచుకి సబ్బునీళ్ళు రాసి, ఒక పక్క తగిలించి, రెండో పక్క స్క్రూడ్రైవర్‌తో సాగదీసి ఎక్కించింది. మణికట్టు కలుక్కుమంది. ఒక మూల వదిలేస్తే ఏమవుతుంది అనిపించింది, ఒక్క క్షణం. తలెత్తితే వెనక సీట్లో కూతురి బ్యాగు కనబడింది. అంచు చుట్టూ వేలితో తడిమి, గట్టిగా కూర్చుందని తేలాకే బయటికొచ్చింది.

అతను కూర్చుని తొక్కి చూశాడు. "అద్గదీ! వస్తువన్నాక పట్టించుకునేవాడుండాలి," అని తాళాలు ఆమె వైపు విసిరాడు. "రేపట్నుంచి మళ్ళీ నువ్వే తిప్పు. అమ్మతో నాకు కుదరట్లేదు."

తాళాలు నేల మీద పడ్డాయి. ఆమె వంగలేదు.

"నాకు నడపడం రాదు కదండీ. అందరి ముందూ మీరే అన్నారు."

"ఏదో కోపంలో అన్నాలే."

"నేను ఒప్పుకున్నాను కూడా."

మర్నాడు పొద్దున కూతురి చెయ్యి పట్టుకుని బస్సుకి బయల్దేరింది. "అమ్మాయ్, నన్ను మెట్లు దింపేదెవరే?" అని అత్తగారు కేకేసింది. "మీవాణ్ణి పిలవండి, అత్తయ్యా," అని తలుపు దగ్గరగా వేసింది.

వీధి మలుపులో కూతురు అడిగింది. "సాయంత్రం నాన్న తిడతాడేమో అమ్మా?"

"తిడతారు," అంది ఆమె. "నేను మాత్రం తప్పయిపోయిందని అనను."