మ్యోల్ అంటే అప్పుడే పడిన మంచు

చప్పుడు లేకుండా పడుతోంది మంచు.

కిటికీ అద్దానికి తగిలి, తగిలిన సంగతి అద్దానికైనా తెలియకుండా జారిపోతోంది. పొడి మంచు. ఊదితే లేచిపోయేంత తేలిక. ఇంకా ఎవరి అడుగూ పడనిది.

అలాంటి మంచుకి ఇక్కడ ఒక పేరుంది — మ్యోల్.

బిల్గ్యా చెల్లెలి పేరు కూడా అదే.

బిల్గ్యా మధ్యాహ్నపు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచింది. ఎనిమిదో నెల కడుపు. సోఫా అంచున చల్లగా ఉంది... ఎవరో తడి బట్టలతో కూర్చుని ఇప్పుడే లేచి వెళ్లినట్టు.

కల్లో మ్యోల్ వచ్చింది. తడిసిన జుట్టు. చెప్పుల్లేని పాదాలు. పక్కన కూర్చుని, ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్న చిన్నప్పటి రోజుల్లోలాగే అంది — "కాస్త జరగవే."

అంతే.

అంతే... కానీ బిల్గ్యా వంటింటి వైపు తిరిగి కూర్చుంది.

కడుపుతో ఉన్నవాళ్ల కల్లోకి ఊరికే ఎవరూ రారు. పుట్టబోయే బిడ్డకి తమ పేరు పెట్టమని అడగడానికి వస్తారు. ఐస్‌లాండ్ ఆడవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

అలా వచ్చేవాళ్లంతా చనిపోయినవాళ్లే.

వంటింట్లో తల్లి ఉన్నూర్ పిండి మెలికలు తిప్పి నూనెలో వేస్తోంది.

"అమ్మా... కల్లో ఒకరొచ్చారు."

"హమ్మయ్య, పేరు వెతుక్కునే పని తప్పింది! ఎవరు, మీ నాయనమ్మేనా? ఆవిడ ఒక్క పేరుతో ఊరుకునే రకం కాదే, రెండోది కూడా అడుగుతుంది." ఉన్నూర్ నవ్వింది. "ఎవరైనా సరే, లేదనకు. అడిగిన పేరు పెట్టకపోతే బిడ్డకి మంచిది కాదు."

"మ్యోల్ వచ్చింది."

నూనెలో మెలిక నల్లబడుతోంది. ఉన్నూర్ దాన్ని తీయడం లేదు.

ఆ ఇంట ఆడవాళ్లందరివీ అలల పేర్లే. ఉన్నూర్ అంటే అల. బిల్గ్యా అంటే పెద్ద కెరటం. నాయనమ్మ బారా — ఆమె కూడా అలే. చిన్నది పుట్టిన రోజు తండ్రి పడవ దిగి వచ్చాడు, భుజాల మీద తెల్లటి పొడితో. "సముద్రానికి ఇన్ని బంధుత్వాలు చాలు. ఇది నేల మీద ఉంటుంది" అన్నాడు. మంచు పేరు పెట్టాడు.

కానీ మంచు సముద్రం మీద కూడా పడుతుంది.

పడిన చోటు కూడా తెలియదు.

బిల్గ్యా ఫోను చేసింది. కొండకి అవతలి రేవులో, చేపల కర్మాగారంలో పని చేస్తుంది మ్యోల్. మోగుతోంది... మోగుతోంది...

"ఏంటే, నొప్పులొచ్చాయా?"

బిల్గ్యా గుండె ఒక్కసారిగా కుదుటపడింది. బతికే ఉంది. ఎంత పిచ్చిది తను! నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"నా కల్లోకి వచ్చావే, దెయ్యమా! ప్రాణం పోయింది నాకు. తడిసిపోయి ఉన్నావు, కాళ్లకి బూట్లయినా లేవు. కాస్త జరగమన్నావు..."

అటువైపు...

గాలి. గాలి వెనక నీళ్లు.

"మ్యోల్? పనిలో లేవా?"

"బిల్గ్యా..." ఆ గొంతులో ఏ బరువూ లేదు. "బూట్లు ఇప్పుడే విప్పాను. పక్కన పెట్టాను. నీకెవరు చెప్పారు?"

"ఎక్కడున్నావు?"

"రేవు గట్టు చివర."

బిల్గ్యాకి భయం ఇంకా రాలేదు. మొన్న ఆదివారం ఫోనులో ఎంత నవ్వించింది ఇది! అన్ని జోకుల్లో ఒక్క చోటైనా గొంతు తడబడిందా? వెతుకుతోంది. దొరకడం లేదు.

ఉన్నూర్ ఇదంతా వింది. తన ఫోను తీసుకుని పక్క గదిలోకి పరుగెత్తింది. ఆ రేవు కావలివాడితో మాట్లాడుతోంది — గట్టు చివర, నా కూతురు, త్వరగా.

"నీ పేరు నేను పెట్టను" అంది బిల్గ్యా. "వింటున్నావా? అది నువ్వే వాడుకోవాలి."

"అడిగాక లేదనకూడదు కదే." చిన్నగా నవ్వింది మ్యోల్. "బిడ్డకి మంచిది కాదు."

బిడ్డ లోపల తన్నింది.

ఒకవైపు బిడ్డ. ఒకవైపు చెల్లెలు. మధ్యలో ఒక్క పేరు.

"నువ్వు పేరు అడగలేదు" అంది బిల్గ్యా. మాట తనదేనా అనిపించింది. "పేరెత్తనే లేదు. నేను విన్నాను కదా. జరగమన్నావు. అంతే అడిగావు. జరుగుతాను. ఇదిగో... జరిగాను. బూట్లు వేసుకో."

నిజంగానే జరిగింది. కడుపు పట్టుకుని, సోఫాలో ఆ చివరకి. ఒక మనిషి పట్టేంత చోటు.

"వేసుకుంటున్నావా?"



కిటికీ అవతల మంచు పడుతోంది. దానికి చప్పుడు లేదు.

ఫోనులో మాత్రం ఏదో చప్పుడు. రాతి మీద తడిగా ఒరుసుకున్నట్టు... ఆగి, మళ్లీ ఒకసారి.

బూటు కావచ్చు.

అల కావచ్చు.