అడ్డగీత

దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో ఇళ్లకు నర్సుల్ని పంపే సంస్థ ఒకటుంది. అక్కడి నర్సులందరికీ పెద్ద యూనిస్. నర్సాపురం మనిషి. ఏళ్ల తరబడి ఆసుపత్రి వార్డుల్లో చేసి ఇటు వచ్చింది. మెత్తగానే మాట్లాడుతుంది గానీ, ఒకసారి ఇది సరైనదని నమ్మితే ఎవరు చెప్పినా వెనక్కి తగ్గదు.

ఆ సంస్థ ఒక ఏఐ సహాయకుణ్ణి పెట్టుకుంది. దానికి ‘తోడు’ అని పేరు పెట్టుకున్నారు. నర్సు రోగి ఇంట్లో చూసిందంతా బయటికొచ్చి ఫోన్లో చెబితే, తోడు గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత వెళ్లే నర్సు అడిగితే చెబుతుంది. మొదట్లో అది మానేసిన మందుల్నీ, ఖాళీ చేసిన ఫ్లాట్లనీ ఇప్పటివాటితో కలగలిపి చెప్పేది. నర్సులు విసుక్కున్నారు. దాని బాగోగులు చూసే ఇంజినీరు క్రాంతికుమార్, కాకినాడ కుర్రాడు, కొత్త సంగతి రాగానే పాతది చెరిగిపోయేలా మార్చేశాడు. ఆ రోజు నుంచీ తోడు మాట తేటగా ఉంటోందని అందరూ మెచ్చుకున్నారు.

కడప నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న మున్నీబీకి బీపీ ఎక్కువ. ఒకరోజు యూనిస్ స్వయంగా ఆ ఇంటికి వెళ్లింది. బీపీ దిగడం లేదని వీడియోలో డాక్టరు వేరే మాత్ర రాశాడు. రాసేముందు, ఇదివరకు ఆమెకు ఏ మందైనా పడలేదా అని అడిగాడు. యూనిస్ తోడుని అడిగింది. అలాంటిదేమీ తన దగ్గర లేదంది తోడు. కోడలు షహజాదీ కింద మందుల షాపుకెళ్లి ఆ మాత్రలు తెచ్చింది. ఆ అట్ట చూడగానే మున్నీబీ దాన్ని అవతలికి నెట్టేసింది.

“ఇది నాకొద్దు బేటీ. పోయినసారి ఇది మింగితే మూతి బూరె మాదిరి వాసిపాయ. ఊపిరాడక చచ్చి బతికినా.”

యూనిస్ వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి మాత్ర మార్పించింది. ఆఫీసుకొచ్చి పాత వాయిస్ రికార్డులు వెతికించింది. అప్పట్లో ఆ ఇంటికి వెళ్లిన నర్సు వాచిన పెదాల్ని కళ్లారా చూసి, తోడుకి వివరంగా చెప్పింది. తర్వాత మాత్ర మారింది. పాత మాత్ర పేరుతో పాటు దానివల్ల వచ్చిన ప్రమాదం కూడా చెరిగిపోయింది.

సంస్థ మేనేజరు విని హడలిపోయాడు. అక్కడ అందరూ ఆయన్ని ముదీర్ అనే అంటారు. ఇంక దీంతో ఖలాస్, తీసి పారేయమన్నాడు. యూనిస్ ఒప్పుకోలేదు. గుర్తుపెట్టుకోవడం తప్పు కాదనీ, మార్చే పద్ధతి తప్పనీ, దాన్ని బాగుచేసి చూపిస్తాననీ చెప్పింది. ఆవిడ అంత ధీమాగా చెప్పేసరికి ఆయన సరేనన్నాడు.

క్రాంతికుమార్ మాత్రం తల పట్టుకున్నాడు. “పాతవన్నీ ఉంచితే మళ్లీ మొదటికే వస్తుందక్కా. ఏది ఇవాళ్టిదో దానికి తెలియదు.”

“కేస్‌షీట్‌లో తప్పు పడితే మేమేం చేస్తామో తెలుసా? వైట్‌నర్ పూయం. ఒక్క అడ్డగీత గీస్తాం, కింద మాట కనబడేలా. పక్కన తేదీ వేసి సంతకం పెడతాం. నీ తోడుకీ అదే నేర్పించు. కొత్తది పైన ఉండాలి, పాతది కింద ఉండాలి. ఎవరు చెప్పారు, ఎప్పటిదాకా నిజం, ఎందుకు మారింది, అది కూడా ఉండాలి.”

అతను నవ్వాడు. ముగింపు తేదీ లేనిదే ఇవాళ్టి మాట అవుతుందనీ, అడ్డగీత పడ్డ మాటను అవసరమైనప్పుడే పైకి తెమ్మనొచ్చనీ అన్నాడు. అక్కణ్ణుంచి అతని చేతులు కీబోర్డు మీద ఆగలేదు. యూనిస్ పక్కనే కూర్చుని, రికార్డులు వింటూ, చెరిగిపోయినవాటిని ఒక్కొక్కటే తోడుకి మళ్లీ చెప్పింది. మున్నీబీ ఇంటికీ వెళ్లి, ఏ మాత్రతో ఏమైందో ఆమె నోటే చెప్పించుకుంది. ఇంత శ్రద్ధగా తన కథ ఎవరూ వినలేదని ముసలామె మురిసిపోయింది.

వేసవిలో మున్నీబీకి జ్వరం తగిలింది. ఆ రోజు వెళ్లింది స్వీటీ, కొత్తగా చేరిన నర్సు. మందులేవైనా పడవా అని అడిగితే, జ్వరం మగతలో ఉన్న మున్నీబీ తనకన్నీ పడతాయంది. స్వీటీ ఆ మాటే తోడుకి చెప్పింది. మునుపైతే అంతటితో పాతది చెరిగిపోయేది. ఈసారి తోడు ఇలా అంది:

“మీరు చెప్పింది రాసుకున్నాను. కానీ ఒక బీపీ మాత్రతో ఈమె పెదాలు వాచాయని ఇదివరకు చూసిన నర్సు చెప్పింది. మున్నీబీ కూడా ఆ మాటే చెప్పింది. రెండూ ఉంచుతున్నాను. డాక్టరుకి రెండూ చూపించండి.”

స్వీటీ కంగారుగా యూనిస్‌కి ఫోన్ చేసింది. యూనిస్ కంగారు పడలేదు. తోడు చెప్పినట్టే చేయమంది.

జ్వరం ముదిరి మున్నీబీని ఆసుపత్రిలో చేర్చారు. ఆయాసం చూసి గుండె బలహీనంగా ఉందన్నారు. అక్కడి డాక్టరు ఇవ్వబోయింది ఆ జాతి మాత్రే. తోడు రాసుకున్నదాన్ని స్వీటీ పంపి ఉంచింది; షహజాదీ దాన్ని తన ఫోన్లో చూపించింది. ఆయన పైన ఉన్నదీ చదివాడు, అడ్డగీత కింద ఉన్నదీ చదివాడు. ఎవరు చూసి చెప్పారో చూసి, వేరే మందు రాశాడు. మున్నీబీ వారం తిరక్కుండానే ఇంటికొచ్చి, ఆసుపత్రి తిండికి వంకలు పెడుతూ కోడలిచేత రాగిసంగటి చేయించుకుంది.

ఈ సంగతి విన్నాక ముదీర్, రోగులందరికీ ఇదే పద్ధతి పెట్టమన్నాడు. ఆ పనికి పెద్దగా యూనిస్‌నే ఉండమన్నాడు. ఉంటానంది. ఇళ్లకు వెళ్లడం మాత్రం మాననని చెప్పి, బ్యాగు తగిలించుకుని లిఫ్టు వైపు నడిచింది. కింద వ్యాను డ్రైవరు అప్పటికే త్వరగా రమ్మని యల్లా యల్లా అంటూ హారన్ కొడుతున్నాడు.