వీపుకే తెలిసిన గోడ

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆ ఇంటి తలుపు తీసే ఉంటుంది. ముందు మేడమీది మామ్మ దిగుతుంది, మెట్టుకో మూలుగు చొప్పున. ఆవిడ వెనకాలే ఎదురింటి కోడలు వస్తుంది. పొద్దస్తమానం కుట్టుమిషన్ ముందు వంగి కూర్చునే మనిషి, నడుం పట్టేసి గుమ్మం పట్టుకునే నిలబడుతుంది.

"అన్నయ్యగారూ, గోడ ఖాళీయేనా?"

"ఖాళీయే, రండమ్మా," అంటాడు ఇంటాయన, టీ గ్లాసు పట్టుకుని పక్కకి జరుగుతూ.

హాలుకీ పడగ్గదికీ మధ్య గోడ అది. దాని కింద ఒక చాప. చేత్తో ముట్టుకుంటే ఆ గోడలో ఏ విశేషమూ లేదు, అన్ని గోడల్లాగే చల్లగా, కాస్త సున్నం రాలుతూ ఉంటుంది. చాప మీద కూర్చుని వీపు ఆనిస్తే మాత్రం వెచ్చగా ఉంటుంది. వీపుకి తప్ప మరి దేనికీ తెలియదు ఆ వెచ్చదనం. కొత్తగా వచ్చిన గ్యాస్ బండి అతను అరచెయ్యి పెట్టి చూసి, "ఏముందండీ ఇందులో?" అని నవ్వాడు. పోనీ అని ఒకసారి ఆనుకుని కూర్చున్నాడు, వీధిలో బండి వదిలేసి వచ్చిన సంగతే మర్చిపోయాడు. లేస్తూ, "అమ్మగారా?" అని అడిగాడు. "అవును," అన్నాడు ఇంటాయన. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇంటాయన లిఫ్ట్ మెకానిక్. రోజంతా చీకటి గొట్టాల్లో తీగలకి గ్రీజు రాసుకుంటూ గడిపే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. ఆయన భార్య ఊళ్లోని పెద్ద ఆక్వేరియంలో టికెట్లు అమ్మేది. అక్కడ లోపలికి అడుగు పెట్టగానే గోడంత అద్దం, అద్దం వెనక పగడాల దిబ్బ. ఏ మహానుభావుడు గీశాడో ఆ నక్ష, టికెట్ల బల్ల సరిగ్గా ఆ అద్దానికి ముందు వేశాడు. ఆవిడ కుర్చీ వీపు అద్దానికి ఆనేది. ఊరంతా వచ్చి చూసే సముద్రం ఆవిడ వీపు వెనక ఉండేది. ఆవిడకి మాత్రం చిల్లరా, జనమూ.

"నా వెనక ఏదో విచ్చుకుంటుందండీ," అనేది ఇంటికొచ్చి. "టికెట్ కొనేవాళ్ల మొహాలు చూస్తే తెలిసిపోతుంది. చిల్లర కోసం గొణుక్కుంటూ వచ్చినవాడు కూడా నోరు తెరిచేస్తాడు. గభాలున నేను తిరిగి చూశానో, అన్నీ ముడుచుకునే ఉంటాయి. నా మొహం వాటికి నచ్చదేమో!"

అని తనే నవ్వేది. ఎప్పటికైనా ఇంట్లో అలాంటిదొకటి కట్టించుకుని, ఎదురుగా కూర్చుని, అవి సిగ్గు విడిచేదాకా చూస్తూనే ఉంటానని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. చూద్దాంలే అనేవాడు ఆయన. మనం బతికున్న మనుషులకి చెప్పే మాటలన్నీ దాదాపు అవే కదా.

ఆ అద్దానికి ఆని ఆని ఆవిడ వీపు మంచుముక్కలా అయ్యేది. ఇంటికి రాగానే చెప్పులు విప్పి, చాప మీద అటు తిరిగి కూర్చుని, "రండి, వీపు ఇవ్వండి," అనేది. ఆయన ఇటు తిరిగి కూర్చునేవాడు. వీపుకి వీపు ఆనించుకుని, ఆవిడ వీపు వేడెక్కేదాకా ఆ రోజు కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లు.

"మొహాలు చూసుకోకుండా ఇదేం కాపురమే అమ్మా?" అని కూతురు ఏడిపించేది.

"మొహం చూస్తూ చెప్పలేనివి బోలెడుంటాయిలే, నీకూ తెలుస్తుంది," అనేది తల్లి.

దగ్గుతో మొదలైన జబ్బు ఆవిణ్ణి తీసుకుపోయింది. పోయిన కొన్నాళ్లకి ఒక సాయంత్రం, ఆయన పనినించి వచ్చి, అలవాటు చొప్పున చాప మీద కూర్చుని వెనక్కి వాలాడు. వాలాక గుర్తొచ్చింది వెనక ఎవరూ లేరని. పడబోయి గోడకి ఆనాడు. గోడ వెచ్చగా ఉంది. అలా కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పళ్ల డాక్టరు దగ్గర పని ముగించుకుని వచ్చిన కూతురు, ఏమైందని అడక్కుండా పక్కన కూర్చుని తనూ వీపు ఆనించింది. ఆ రోజునించీ ఆ ఇద్దరూ ఆ గోడ ఆసరాతోనే బతుకుతున్నారు.

ఇలా ఉండగా ఒక ఆదివారం పగడాలాయన వచ్చాడు. ఆక్వేరియంలో పగడాలకి మేత పెట్టేది ఆయనే. ఎంత కడుక్కున్నా చేతులు ఉప్పు వాసనే కొట్టేవి. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మూసేస్తున్నారండీ. చేపల్ని ఎవరెవరో పట్టుకెళ్లారు. పగడాలు మాత్రం ఎవరికీ వద్దట. నెలాఖరుకి పంపులు ఆపేస్తారు. ఆపిన రోజే పోతాయవి."

"మరి?" అన్నాడు ఇంటాయన.

"మీ ఆవిడ ఎప్పుడూ అంటుండేవారు కదా, ఇంట్లో కట్టించుకుంటానని. ఆవిడ కుర్చీ వెనక ఉండే దిబ్బ, అది బతకాలి బాబుగారూ. పాత నీళ్లూ, ఇసకా అన్నీ నేనే మోసుకొచ్చి పోస్తాను. చోటు ఇవ్వండి చాలు."

ఆయన అవునననూ లేదు, కాదననూ లేదు. మర్నాడు పగడాలాయన పంపిన అద్దాల మేస్త్రి టేపు పట్టుకుని వచ్చాడు. ప్రతి గోడా తట్టాడు, నేల తట్టాడు, కిటికీలోంచి ఎండ ఎటు పడుతుందో చూశాడు.

"అంత నీళ్ల బరువు మోయడానికి కింద ఇల్లు కాబట్టి పరవాలేదు. కానీ చూడండి, ఆ గోడకి ఎండ తగులుతుంది, నీళ్లు నాచు పట్టి చెడిపోతాయి. ఈ గోడలో బాత్రూం పైపులు. వీధివైపుది పైఅంతస్తుని మోస్తోంది, ముట్టుకోకూడదు." చివరికి చాప దగ్గర ఆగాడు. "ఇదొక్కటే. దీని మీద బరువు లేదు, నిక్షేపంలా కొట్టేయొచ్చు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కూతురు ఒంటికాలి మీద లేచింది.

"అమ్మని కొట్టిస్తావా నాన్నా?"

"నేనేమీ అనలేదు కదే."

"కాదని కూడా అనలేదు. అమ్మ ఉన్నప్పుడు అడిగితే చూద్దాం, చూద్దాం అన్నావు. ఇప్పుడు మనకి మిగిలింది ఇదొక్కటీ. దీన్ని పగలగొట్టి ఆవిడ కోరిక తీరుస్తావా?"

కోరిక తీర్చాలంటే మనిషిని పోగొట్టుకోవాలి, మనిషిని అట్టిపెట్టుకోవాలంటే కోరికని చంపుకోవాలి. అటూ ఇటూ ఆలోచించి తల బొప్పి కట్టింది. చివరికి కూతురు చెప్పిందే నిజమనుకున్నాడు. కుదరదని ఎదురుగా చెప్పడం మర్యాద అని, ఆక్వేరియానికి బయల్దేరాడు.

ఆ గేటు దాటి లోపలికి వెళ్లడం ఆయనకి అదే మొదటిసారి. అన్నేళ్లు భార్యని దింపాడు, ఎక్కించుకున్నాడు, ఎప్పుడూ స్కూటర్ దిగలేదు. లోపల సగం దీపాలు ఆర్పేసి ఉన్నాయి. టికెట్ల బల్ల మీద దుమ్ము పట్టింది. పగడాలాయన ఎక్కడో నీళ్లు తోడుతున్న చప్పుడు. ఆయన వచ్చేదాకా కూర్చుందామని భార్య కుర్చీలో కూర్చుని, వెనక్కి ఆనుకున్నాడు.

అద్దం చల్లదనం చొక్కాలోంచి ఎముకలకి ఎక్కింది. ఇంత చల్లగా ఉంటుందని ఆయనకి తెలియదు. రోజూ సాయంత్రం ఆ వీపుని వేడి చేసినవాడు, అది ఎందుకంత చల్లగా ఉంటోందో ఒక్కసారైనా లోపలికొచ్చి చూడలేదు. లేచి వెనక్కి తిరిగాడు. దిబ్బ అంతా ముడుచుకుని, కోసి ఆరేసిన కూరగాయల్లా ఉంది.

"అవి రాళ్లు కావండీ, ప్రాణులు," అన్నాడు పగడాలాయన వచ్చి. "సుఖంగా ఉంటే వేళ్లు చాపినట్టు విచ్చుకుంటాయి. ఆవిడ మానేసినప్పటినించీ సరిగ్గా విచ్చుకోవడం లేదు."

కుదరదని చెప్పడానికి వచ్చిన మనిషి, "ఎప్పుడు తెస్తారు?" అని అడిగాడు.

గోడ కొట్టే ముందు ఆయన మేస్త్రికి చెప్పింది ఒక్కటే. అద్దం నేలకి జానెడు ఎత్తులోనే మొదలవ్వాలి.

"పంపులూ, వడపోత డబ్బా కింద పెట్టాలి కదండీ?"

"పడగ్గదిలో పెట్టెయ్యి."

"రాత్రంతా చప్పుడు చేస్తాయి, నిద్రపట్టదు మీకు."

"పట్టకపోతే పోనీ. ఆవిడ చాప మీద కూర్చుంటుంది, కుర్చీలో కాదు."

మేస్త్రి జానెడు దగ్గర గీత గీశాడు.

ఆయన పిచ్చి ఆలోచన ఇంకొకటి ఉంది. వీపు ఆనే చోట ఇటుకల్ని పగలకుండా ఒక్కొక్కటే ఊడదీయించి, మంచం మీద వరసగా పేర్చి, దుప్పటి కప్పాడు. పొద్దున్నే దుప్పటి తీసి, వాటి మీద వీపు ఆనించి పడుకున్నాడు. ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు, మళ్లీ పడుకున్నాడు. గుమ్మంలోంచి కూతురు అదంతా చూసింది. ఆ రోజునించీ తండ్రితో మాట్లాడటం మానేసింది. రోజంతా నోరు తెరవండి, తెరవండి అని జనాన్ని అడిగే పిల్ల, ఇంట్లో తను తెరవడం మానేసింది. అన్నం పెట్టేది, తలుపు వేసుకునేది.

సాయంత్రం మామ్మ దిగి వచ్చి, గోడ ఉన్నచోట ఖాళీని చూసింది. "నా నడుం సంగతి సరేలేరా నాయనా, నువ్వెలా ఉంటావు?" అంది. మళ్లీ మూలుగుతూ మెట్లెక్కింది. ఎదురింటి కోడలు రావడం మానేసింది.

అద్దాలు బిగించారు, పాత నీళ్లు పోశారు, నీళ్లు తేరుకున్నాయి. నెలాఖరున పగడాలాయన దిబ్బని తొట్టెల్లో తెచ్చి, నీళ్లలో చేతులు భుజాల దాకా ముంచి, ఏ ముక్క పక్కన ఏది ఉండేదో అలాగే అమర్చాడు. ఇంటాయన రోజూ పనినించి రాగానే చాప అద్దానికి ఎదురుగా, దూరంగా వేసుకుని కూర్చునేవాడు. ఆవిడ కూర్చుంటానన్నట్టే, కళ్లప్పగించి చూసేవాడు. ఒక్కటీ విచ్చుకునేది కాదు. అద్దానికి వీపు ఆనించడానికి మాత్రం ధైర్యం చాలలేదు. అదీ చల్లగా ఉంటే ఇంక ఆశ పెట్టుకోవడానికి ఇంట్లో ఏ చోటూ మిగలదు.

ఒక సాయంత్రం పగడాలాయన వచ్చి, అద్దం మీద వేలితో చూపించాడు. "చూడండి, తెల్లబడిపోతున్నాయి. తిండి అందుకోవడం లేదు. రేపు పొద్దున వచ్చి తీసేస్తాను బాబుగారూ, చచ్చినవి ఉంటే నీళ్లు కుళ్లిపోతాయి." ఓదార్చడం చేతకాని మనిషి, తలొంచుకుని వెళ్లిపోయాడు.

గోడా పోయింది, దిబ్బా పోతోంది, కన్నకూతురు మొహం చాటేసింది. ఆ ముడుచుకున్న పగడాల వంక చూడటానికి ఇంటాయనకి మొహం చెల్లలేదు. అటు తిరిగిపోయి, అద్దం వెంట జారి కింద కూలబడ్డాడు. "నా వల్ల కాలేదే," అన్నాడు పైకే. "చూద్దాం చూద్దాం అన్నాను, తీరా చూడబోతే ఇలా చేశాను."

తలుపు చప్పుడైంది. కూతురు లోపలికి వచ్చి, చెప్పు ఒకటి విప్పి రెండోది విప్పకుండానే ఆగిపోయింది. తండ్రి తల మీదుగా చూస్తోంది. చేతిసంచి జారి కింద పడింది.

"నాన్నా, కదలకు."

ఎన్ని రోజులకో ఆ పిలుపు. ఆయన కదలబోయి ఆగాడు. అప్పుడు తెలిసింది వీపుకి. రెండు భుజాల మధ్య మొదలై, నడుం దాకా దిగుతోంది ఆ వెచ్చదనం.

"ఏమైందే?"

"విచ్చుకుంటున్నాయి."

ఆయన మెడ తిప్పబోయాడు. వీపు అద్దం నించి కాస్త ఎడమయ్యేసరికి, "వద్దు, వద్దు, మూసుకుపోతున్నాయి, ఆనుకో!" అని అరిచింది కూతురు. ఆయన గబుక్కున ఆనుకున్నాడు. ఆమె ఒంటి చెప్పుతోనే వచ్చి ఎదురుగా నేల మీద కూలబడింది.

"ఎలా ఉన్నాయి? చెప్పు."

"నారింజ రంగువి ముందు వచ్చాయి. ఒక్కోటి... చిన్న చిన్న చేతుల్లా. ఆ మూలన ఆకుపచ్చవి. అయ్యో, ఇప్పుడు అన్నీ..." ఆమె బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. నోరు కొద్దిగా తెరిచి, చిన్నప్పుడు తల్లి జడ వేస్తుంటే అద్దంలో చూసుకునే పిల్లలా చూస్తోంది.

టికెట్ కొనేవాళ్ల మొహాలు చూస్తే తెలిసిపోతుందని భార్య ఎందుకనేదో ఆయనకి ఆ పూట అర్థమైంది. కూతురి మొహం చూస్తూ కూర్చున్నాడు. పెళ్లాం పోయినప్పటినించీ ఆ మొహాన్ని అంత తీరిగ్గా చూడనేలేదు.

పొద్దున్న పగడాలాయన ఖాళీ తొట్టెలతో వచ్చి, ఖాళీ తొట్టెలతోనే వెళ్లాడు. కబురు మేడ మీదికీ ఎదురింటికీ పాకింది. ఇప్పుడు మళ్లీ సాయంత్రమయ్యేసరికి తలుపు తీసే ఉంటుంది. ఎవరో ఒకరు ఆనుకుంటారు, మిగతావాళ్లు ఎదురుగా కూర్చుని చూస్తారు. ఇంటాయన వంతు మాత్రం ఎప్పుడూ ఆనుకోవడమే. లేచి చూడమని మామ్మ ఎంత పోరినా లేవడు. ఆ దిబ్బ విచ్చుకోవడం ఆయన ఇంతవరకూ చూడలేదు.

"నీకు చూడాలని లేదా నాన్నా?" అని ఒకరోజు అందరూ వెళ్లాక కూతురు అడిగింది. "పోనీ అమ్మైనా ఒక్కసారి చూసి ఉంటే బావుండేది."

ఆయన వీపు కాస్త సర్దుకున్నాడు.

"వీపుకి వీపు ఆనించి కూర్చున్నామే. నేను ఇటు తిరిగి ఉన్నానంటే, మీ అమ్మ ఎటు తిరిగి ఉన్నట్టు?"

కూతురు ఆయన్నీ, ఆయన వెనక విచ్చుకున్న దిబ్బనీ చాలాసేపు చూసింది. తర్వాత, చిన్నపిల్లలా అడిగింది.

"అయితే ఇంక మనవైపు తిరగదా?"

"తిరగదులే తల్లీ," అన్నాడాయన. "ఇప్పుడే కదా చూడటం మొదలుపెట్టింది."