రామలు గీత

పోలియో దీవి అంతా తిరిగిన ఆ వేసవిలో, ఆ ఆసుపత్రికి ఉన్నది ఒక్కటే ఇనప పెట్టె. సొంతంగా ఊపిరి తీయలేని మనిషిని మెడదాకా అందులో పడుకోబెట్టి, మెడ చుట్టూ రబ్బరు పట్టీ బిగించేవారు. మోటారు పెట్టెలోని గాలిని లాగుతూ వదులుతూ ఆ మనిషి చేత ఊపిరి తీయించేది. లాగుడు తగ్గితే, దాన్ని చూపే కొలత ముల్లు గంటకు పెట్టిన గీతను అందుకోదు. అప్పుడు తలవైపున్న ఇత్తడి గంట మోగేది.

మాంటాన్ బ్లాంష్ ఊరి నుంచి తొమ్మిదేళ్ల సరస్వతిని తెచ్చేనాటికి ఆ పెట్టె ఖాళీ అయి వారమైంది. అంతకుముందు అందులో ఉన్నవాడు రామలు, చెరుకు బండి తోలే భారీ మనిషి. రోజుకు యాభైసార్లు మోగే గంటతో వార్డులో ఎవరికీ బుర్ర పనిచేయడం లేదని, నర్సు శివరాం ఒక మధ్యాహ్నం గంటకూ దాని సుత్తికీ మధ్య కాస్త దూది దూర్చాడు. ఆ మధ్యాహ్నమే మోటారు బెల్టు జారింది. ఎవరికీ వినపడలేదు. చూసేసరికి రామలు పెదవులు నేరేడుపండులా నల్లబడి ఉన్నాయి. పెద్ద నర్సు జీనెట్ పట్టకారుతో ఆ దూది తీసి శివరాం అరచేతిలో పెట్టింది. జబ్బు వల్లే పోయాడని డాక్టరు రాశాడు. శివరాం దూదిని పారేయలేకపోయాడు. అది చొక్కా జేబులోనే ఉండిపోయింది.

ఇప్పుడు సరస్వతికీ అదే గంట. దగ్గితే మోగేది. పాలు మింగితే మోగేది. ఒళ్లు తుడవడానికి పెట్టె పక్క తలుపు తీస్తే మోగేది. పెట్టె ఊపిరి వదిలించినప్పుడే ఆ పిల్ల మాట్లాడగలిగేది.

"మామా... ఆ గంటకి... నా మీద... కోపం."

"కోపం కాదమ్మా, నువ్వంటే బెంగ."

"బెంగైతే... నిద్రపోనిస్తుందిగా."

నాలుగో రోజుకు పాలు కూడా వద్దంది. ఈ పిల్లకు నిద్ర పట్టకపోతే దక్కదని డాక్టరు అన్నాడు. గంట నోరు మూస్తే ఏమవుతుందో శివరాంకు వేరే చెప్పక్కర్లేదు.

"నీ దగ్గర మందుందిగా," అంది జీనెట్, అతని జేబు వైపు చూసి. అని, తనే నొచ్చుకున్నట్టు, టీ పోసి అతని ముందు పెట్టింది. చల్లారిన టీ అయినా అందులో చక్కెర రెండు చెంచాలు ఎక్కువే ఉంది.

శివరాం ఒక పలక తెచ్చి పెట్టెకు వేలాడదీశాడు. గంట మోగినప్పుడల్లా ఎందుకు మోగిందో ఎవరు దగ్గరుంటే వాళ్లు సుద్దతో రాయాలి. రెండు రోజుల్లో పలక నిండిపోయింది: దగ్గు, పాలు, దగ్గు, తలుపు, దగ్గు. ఒక్కసారి మాత్రం, పట్టీ వదులు.

మూడోనాడు పొద్దున ముల్లు ముందు కూర్చుని చూస్తుంటే విషయం అతనికి అర్థమైంది. చిన్నపిల్ల కదా అని డాక్టరు లాగుడు తగ్గించాడు. గంట గీతను మాత్రం ఎవరూ కదపలేదు. అది ఇంకా రామలు గీతే. ఆ పెద్ద ఛాతీకి పెట్టిన గీత దగ్గర ఈ పిల్ల ఊపిరి వెంట్రుకవాసిలో గట్టెక్కుతోంది. చిన్న దగ్గొచ్చినా తప్పుతోంది.

డాక్టరును పిలిచాడు. "గీత దించుదామండీ. కానీ ఎంత దించాలో పిల్లే చెప్పాలి."

డాక్టరు పక్కనే నిలబడ్డాడు. శివరాం పిల్ల కళ్లలోకి చూస్తూ, "ఊపిరి చాలకపోతే రెండుసార్లు కళ్లార్పు తల్లీ, వెంటనే పెంచేస్తాం," అన్నాడు. లాగుడును పిసరంత పిసరంత తగ్గించారు. ఒకచోట ఆమె కళ్లు రెండుసార్లు ఆర్పింది. వెంటనే లాగుడు మొదటికి తెచ్చి, ఆ చోటుకు బాగా పైన, దగ్గుకు ముల్లు తగ్గే చోటుకు కాస్త కింద, కొత్త గీత పెట్టారు. ఒళ్లు తుడిచేటప్పుడు కూడా గంటను ఆపకూడదని, పొద్దునా సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు పక్క తలుపు ఓ క్షణం తీసి, గంట మోగుతోందో లేదో విని పలక మీద సంతకం చేయాలని జీనెట్ కట్టడి చేసింది.

ఆ మధ్యాహ్నం సరస్వతి మూడు గంటలు నిద్రపోయింది. జీనెట్ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచింది.

మర్నాడు చూడటానికి వచ్చేవాళ్ల వేళకు తల్లి అంకమ్మ రోజూలాగే వచ్చి కూతురి తల దగ్గర కూర్చుంది. శివరాం పాలు వెచ్చబెట్టడానికి అటు తిరిగాడు. గంట మోగింది. ఆగలేదు.

పాలగిన్నె పడేసి పరిగెత్తాడు. అవతలి నుంచి జీనెట్ ఉరికివచ్చింది. ముల్లు పడిపోతోంది. బెల్టు సరిగానే ఉంది. తలుపు మూసే ఉంది. పిల్ల కళ్లు రెప్పలాడుతున్నాయి, రెండుసార్లు, మళ్లీ రెండుసార్లు. శివరాం పట్టీ చుట్టూ వేలు పోనిచ్చాడు. మెడ వెనక గట్టిగా ఏదో తగిలింది. లాగితే పసుపు దారం, దానికి ముడేసిన పసుపు కొమ్ము. సందు మూసుకుని పట్టీ మెడకు ఒదిగింది. ముల్లు లేచింది. గంట ఆగింది.

"అయ్యో బాబూ, అమ్మోరి దారమయ్యా!" అంది అంకమ్మ. "ఆ గంట రోజూ గణగణమనేది. నిన్నటినుంచి మూగపోయింది. పిల్లనొదిలేశారనుకున్నా. మెడలో కట్టకపోతే ఎక్కడ కట్టను, చేతులు లోపలుంటే?"

గంట గీత సంగతి శివరాం డాక్టరుకు చెప్పాడు, జీనెట్‌కు చెప్పాడు, పలక మీద రాశాడు. ఈమెకు చెప్పాలని తోచనే లేదు.

వెనకున్నవి కనిపించేలా పిల్ల ముఖం మీద వంచి ఉన్న అద్దం చట్రానికి ఆ దారం తనే కట్టాడు. "ఇక్కడైతే పిల్లకు కనిపిస్తుందక్కా," అన్నాడు. ఆ తర్వాత ముల్లునూ గీతనూ చూపించి, అంతా విడమరిచి చెప్పాడు.

అంకమ్మ ముల్లు వైపు చూస్తూ అడిగింది. "ముందు ఈ పెట్టెలో ఎవరుండేవారు?"

"రామలని, బండి తోలేవాడు."

"బతికాడా?"

"లేదక్కా."

"గంట మోగలేదా?"

జీనెట్ మందుసీసాలు సర్దుతున్న చేయి ఆపింది. శివరాం జేబులోంచి దూది తీసి అంకమ్మకు చూపించాడు. "మోగనివ్వలేదు. ఇది అడ్డం పెట్టాను. నేనే."

అంకమ్మ ఆ దూదిని చూసింది, అతన్ని చూసింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, స్టూలు కాస్త జరుపుకుని, పక్కన చోటిచ్చింది.

"ఆయనకి పెళ్లాం ఉందా?"

"ఉంది. గుడ్‌ల్యాండ్స్ ఊరి దగ్గర."

"ఆమెకి చెప్పావా?"

"లేదు."

"చెప్పాలి తమ్ముడూ," అంది అంకమ్మ. కసురుకోలేదు, ఓదార్చనూ లేదు. "ఆదివారం బస్సుంటుంది. అందాకా మా పిల్ల దగ్గర నువ్వే ఉండు. ఇవాళ పరిగెత్తావు కదా."

డ్యూటీ మారే వేళైంది. శివరాం పక్క తలుపు ఓ క్షణం తీశాడు. గంట మోగింది. అంకమ్మ ఉలిక్కిపడి మళ్లీ కుదుటపడింది. అతను తలుపు మూసి, ముల్లు లేచేదాకా చూసి, పలక మీద సంతకం పెట్టాడు.