రేకు లేని రోజు

కంట్లో పొర తీశాక డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు: మంటలోకి చూడొద్దు. బట్టీ కాల్చేవాడికి ఆ మాట చెప్పడం, వంటవాణ్ణి ఉప్పు ముట్టొద్దన్నట్టే.

ఆ ఇంట్లో పూలకుండీలు చేస్తారు. తమ్ముడు మట్టి తొక్కి, సారె మీద కుండీ లేపుతాడు. అన్న వాటిని బట్టీలో పేర్చి కాలుస్తాడు; కంట్లో పొర తీసింది ఆయనకే. బట్టీ పక్క గోడలో గుప్పెడంత కంత ఉంది. దానికి ఇనుప రేకు మూత. రేకు జరిపి లోపలి రంగు చూసి, కట్టెలు వెయ్యాలో ఆపాలో తేల్చాలి. కాక తక్కువైతే కుండీ నీళ్ళకి పెళ్ళలుగా రాలుతుంది. ఎక్కువైతే వంకర తిరుగుతుంది.

తమ్ముడు ఆ కంత దగ్గరికి వెళ్ళడు. అతని సారె పాకలో ఉంది. బట్టీకి వీపు పెట్టి, సున్నం కొట్టిన గోడకేసి తిరిగి కూర్చుంటాడు. చిన్నప్పుడు కాక తగ్గకముందే కంత తెరిచి, చల్లగాలి పోనిచ్చి, ఉన్న కుండీలన్నీ పగలగొట్టాడని పేరు. వీధిలో పగుళ్ళాయన అంటేనే తెలుస్తుంది. సొంత పేరుతో పిలిస్తే అతనే ఒక పట్టాన పలకడు.

"రేపు బట్టీ ముట్టించాలి. కంత దగ్గర నువ్వుండాలిరా" అన్నాడు అన్న, భోజనం దగ్గర.

"నేనా? ఇంకా నయం. అప్పుడు పగిలినవి చాలవా?"

"ఏనాటి మాటరా అది?"

"నీకు ఏనాటిదో. నాకు నిన్నటిదన్నయ్యా."

"చూస్తే అదేమైనా నిన్ను మింగుతుందా మరిదీ?" అంది వదిన.

"నన్ను మింగితే బాధ లేదు వదినా. కుండీల్ని మింగుతుంది."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. చెయ్యి కడుక్కోవడానికి మాత్రం తొందరగా లేచాడు.

అన్న కూతురు కాలేజీలో సైకాలజీ చదువుతోంది. అప్పుడు జ్ఞాపకం మీద పాఠం నడుస్తోంది. ఒకే సంగతి ఎరిగిన ఇద్దర్ని విడివిడిగా అడిగి, ఎవరెలా చెప్పారో పోల్చమన్నారు టీచరు. ఆ పిల్ల దూరం వెతకలేదు. మర్నాడు పొద్దున్నే సారె దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, ఆ బట్టీ పగిలిన సంగతి చెప్పు."

"వచ్చిన ప్రతి చుట్టానికీ మీ నాన్న చెప్తూనే ఉన్నాడుగా!"

"నాన్న చెప్పేది కాదు. నీకు గుర్తున్నది."

అతను సారె ఆపలేదు. "తెల్లారగట్ల వెళ్ళాను. లోపలెలా ఉందో చూడాలనిపించింది. రేకు పక్కకి జరిపాను. అరచెయ్యి చురుక్కుమంది. లోపల్నుంచి టిక్కు, టిక్కు అని... ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు." చెయ్యెత్తి చూపించాడు. తడి మట్టి తప్ప ఏ మచ్చా లేదు.

తర్వాత తండ్రి దగ్గర కూర్చుంది. నల్లకళ్ళద్దాలు సర్దుకుని ఆయన ఎప్పటిలాగే చేతులు తిప్పుతూ మొదలుపెట్టాడు.

"కథ వద్దు నాన్నా. చూసింది చెప్పు. కంతకి మూత ఎలా ఉంది?"

"అప్పుడు మూతెక్కడిదే? ఇటుక పెట్టి బురద మెత్తేవాళ్ళం. ఆ పగుళ్ళయ్యాకే మీ తాత రేకు చేయించాడు."

"బాబాయ్ రేకు జరిపానంటున్నాడు."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

"ఇటుక తీస్తుండగా చూశావా?"

"లేదు. నేను వెళ్ళేసరికి ఇటుక కింద పడి ఉంది. పక్కన వీడు నిలబడి ఉన్నాడు. ఇంకెవరు తీస్తారు? వీడే తీశాడని మా నాన్నతో అన్నాను. మా నాన్న కొట్టలేదు. నువ్వు మంట జోలికి రాకు, అన్నాడంతే."

"బురద ఎండి పట్టు వదిలితే ఇటుక దానంతటది పడదా?"

"పడుతుంది."

"చెయ్యి కాలిందని బాబాయ్ అప్పుడే చెప్పాడా?"

ఆయన ఆ రోజుని తలుచుకున్నాడు. తమ్ముడు ఆ రోజు ఏమీ చెప్పలేదు. బిక్కచచ్చి నిలబడ్డాడంతే. చురుక్కుమనడం తన పెళ్ళిలో పుట్టింది, ఆడపెళ్ళివారిని నవ్వించడానికి. టిక్కు టిక్కు ఇంకెప్పుడో చేరింది. పళ్ళు కొరకడం కూడా తనదే. తను అతికించిన అతుకులన్నీ తమ్ముడి నోట్లో అచ్చుగుద్దినట్టు ఉన్నాయి.

"మా పాఠంలో ఉన్నది ఇదే నాన్నా. గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ మనిషి దాన్ని కొత్తగా చేసుకుంటాడట. పక్కవాళ్ళ మాటలు అందులో కలిసిపోతాయి. తొక్కిన మట్టిలో ఏ గంప మట్టి ఏ గుంటలోదో చెప్పగలమా? అలాగ."

ఆయన లేచి పాకలోకి వెళ్ళాడు.

"ఒరేయ్, ఆ రోజు కంతకి రేకు లేదురా."

"ఉందిగా. నేను జరిపాను."

"నాన్న తర్వాత చేయించాడు. కమ్మరి దగ్గరికి నువ్వే నాతో వచ్చావు."

సారె నెమ్మదించింది. "అవును. వచ్చాను. కొలిమి దగ్గర నిలబడలేక బయటికొచ్చేశాను."

"ఇటుక అదే పడి ఉంటుంది. నేను చూడకుండా నీ పేరు చెప్పాను. చెయ్యి కాలడం కూడా నేను కల్పించిందే, నవ్వులకి."

తమ్ముడు అరచేతిలోకి చూసుకున్నాడు. "నువ్వు కల్పించే ఉంటావన్నయ్యా. కాలింది మాత్రం నాకు."

"కాలలేదురా."

"అయితే ఇన్నేళ్ళూ నేను దేనికి దూరంగా ఉన్నట్టు?"

అన్న బట్టీ వైపు చెయ్యి చూపించాడు. "ఇంకా ముట్టించలేదు. రా, ఒక్కసారి జరిపి చూడు" అన్నాడు.

తమ్ముడు వచ్చాడు. రేకు మీద వేళ్ళు ఆనించాడు. వెంటనే చెయ్యి లాక్కుని చొక్కాకి రుద్దుకున్నాడు.

"చల్లగానే ఉందిగా?"

"చల్లగానే ఉంది. నాకు తెలుసు. చేతికి తెలియదు." వెళ్ళి సారె ముందు కూర్చున్నాడు.

పొద్దు వాలేసరికి మంట అందుకుంది. కంత దగ్గర కూతురు నిలబడింది. తండ్రి వీపు తిప్పి, కట్టెల మీద కూర్చున్నాడు.

"ఏం రంగమ్మా?"

"ఎరుపే... కొంచెం నారింజలా కూడా ఉంది. ఆపనా?"

"ఆపొద్దు" అన్నాడు పాకలోంచి తమ్ముడు. తల తిప్పలేదు. "ఇంకో మోపు పడాలి."

"నీకెలా తెలుసు బాబాయ్?"

"రేకు జరిపితే వెలుగొచ్చి ఈ గోడ మీద పడుతుంది. ప్రతిసారీ చూసేదేగా. నా నీడ చుట్టూ ఇంకా ఎర్రగానే ఉంది. అది పసుపు తిరగాలి." మళ్ళీ తనే అన్నాడు. "మీ నాన్న ఎప్పుడూ ఒక్క మోపు ముందే ఆపేస్తాడు."

అన్నకి ప్రతి బట్టీలోనూ చివరి వరసలో మెత్తగా మిగిలిపోయే కుండీలు గుర్తొచ్చాయి. వాటికి ఇన్నాళ్ళూ మట్టినే తిట్టాడు. మట్టి తొక్కేది తమ్ముడు.

"ముందే ఎందుకు చెప్పలేదురా?"

"మంట జోలికి రావద్దన్నారుగా."

అన్న మోపు ఎత్తి పొయ్యి నోటి దగ్గర పెట్టాడు. కూతురు ఒక్కో కట్టే లోపలికి తోసింది.

"ఇప్పుడు రేకు జరపమ్మా. బాబాయ్‌కి వెలుగు పడనీ" అన్నాడు.